దిద్దడం, దిద్దుకోవడం

తెలుగులో ‘దిద్దు’ అన్న క్రియకు బడిలో రెండు అర్థాలున్నాయి. పంతులుగారు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదుగా పిల్లవాడు బలపాన్ని మళ్ళీ మళ్ళీ నడిపితే అది దిద్దడం. ఆ పిల్లవాడే పెద్దవాడై పరీక్షలో రాసిన కాగితం మీద పంతులుగారు ఎర్రసిరా నడిపితే అదీ దిద్దడమే. మొదటిదానిలో చెయ్యి పిల్లవాడిది, అక్షరం మరొకరిది. రెండోదానిలో మాట పిల్లవాడిది, చెయ్యి మరొకరిది. తన మాటను తానే తీసి చూసుకుని, కొట్టేసి, మార్చి, మళ్ళీ రాసుకోవడమనే మూడో అర్థం మాత్రం చాలాకాలం రచయితల సొత్తుగానే ఉండిపోయింది. ప్రాథమిక పాఠశాల గడప దాటి అది లోపలికి వచ్చి ఇంకా యాభై ఏళ్ళు కాలేదు. ఆ రాకను దగ్గరుండి చూసి నమోదు చేసిన పుస్తకం డొనాల్డ్ గ్రేవ్స్ 1983లో ప్రచురించిన ‘రైటింగ్: టీచర్స్ అండ్ చిల్డ్రన్ ఎట్ వర్క్’.

ఈ పుస్తకం ఉపాధ్యాయుల కోసం రాసినది. సాహిత్యాభిరుచి గల పాఠకులు దీన్ని వెదుక్కుంటూ వెళ్ళే అవకాశం తక్కువ. సిద్ధాంతచర్చ ఇందులో కొద్దిగానే ఉంది. ఆరేళ్ళ, ఏడేళ్ళ పిల్లలు తెల్లకాగితం ముందు కూర్చుని ఏం చేస్తారో పక్కన కూర్చుని చూసిన వివరమే ఎక్కువ. వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి నన్ను మొదట నిలిపింది ఆ చూపే. రోగం గురించి పుస్తకాల్లో ఎంత రాసి ఉన్నా, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నవాడికి తెలిసేది వేరు. గ్రేవ్స్ చేసింది అదే: పిల్లవాడి బల్ల పక్కన కుర్చీ వేసుకున్నాడు. అందులో అంత కొత్తదనం ఏముందో తెలియాలంటే, అంతకుముందు బడిలో ‘రాయడం’ అంటే ఏమిటో తెలియాలి. ఆ కథ మనకు బాగా దగ్గరలోనే మొదలవుతుంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పరిధిలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు వాటన్నిటిలోకీ ప్రసిద్ధమైనది. 1816లోనే తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో ప్రచురించిన మనిషి కాబట్టి ఆయన చూపు లెక్కల దగ్గరే ఆగలేదు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. 9,27,857 మంది జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు, వారిలో ఆడపిల్లలు 60 మంది. కన్నడం చెప్పే బడులు 235, తెలుగు చెప్పేవి 226, ఇంగ్లీషు చెప్పేది ఒక్కటి. అయిదో ఏట వినాయకుడికి పూజ చేసి, పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయించేవారు. తర్వాత నేల మీద ఇసుకలో వేలితో రాత. ఆపైన తాటాకు మీద గంటం, కాగితం మీద కలం. బొగ్గుపొడి, అన్నం కలిపి పూసిన చెక్కపలక. గంజి పెట్టి మడతలు మడతలుగా పుస్తకంలా చేసిన గుడ్డ, అంటే కడితం. వాటి మీద రాయడానికి బలపం. క్యాంప్‌బెల్ వీటిని పేరుపేరునా వర్ణించాడు. పొద్దున్నే అందరికంటే ముందు బడికి వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అక్కడినుంచి లెక్క పెరుగుతూ పోతుంది.

బడులు నానాటికీ తగ్గిపోవడానికి కారణం జనం పేదరికమనీ, ఆ పేదరికానికి ఇంగ్లండు నుంచి దిగుమతయ్యే వస్త్రాల వంటివి కారణమనీ క్యాంప్‌బెల్ దాచకుండా రాశాడు. అందుకే ఆ నివేదికను ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అందులో మరో మాట ఉంది, దాన్ని అంతగా ఉదహరించరు. పిల్లలు వల్లించే పద్యాలు మాట్లాడే భాషకు దూరమైన కావ్యభాషలో ఉన్నాయనీ, కొన్నిచోట్ల చెప్పే పంతులుకే అర్థం తెలియదనీ, వందల పద్యాలు తప్పులేకుండా అప్పజెప్పే కుర్రవాడు ఆ మాటల భావం విషయంలో చిలుకతో సమానమనీ ఆయన ఫిర్యాదు. వలసపాలకుడి చిన్నచూపు అని దీన్ని తోసిపుచ్చడం సులభం. కానీ మన వీధిబడి చదువు గురించి మనవాళ్ళు రాసుకున్న ఆత్మకథలు చదివినవారికి ఆ ఫిర్యాదు కొత్తగా అనిపించదు. ఆ బడి రాతను నేర్పింది, నిజమే. ఉత్తరం రాయడం, ఒప్పందపత్రం రాయడం నేర్పింది. సొంత మాట రాయమని పిల్లవాణ్ణి ఎన్నడూ అడగలేదు. అడగాలన్న ఊహ ఆనాడు ప్రపంచంలో ఏ బడికీ లేదు.

అడగలేదు సరికదా, ఆ ఇసుకరాతే ఇక్కణ్ణుంచి పడమటికి ప్రయాణమైంది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శరణాలయానికి 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు, సమీపంలోని ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు రాయడం చూశాడు. కాగితం ఖర్చు లేదు, తుడిస్తే పోతుంది. తన ఉపాధ్యాయులు ఆ పద్ధతిని ఒప్పుకోకపోతే, ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రవాడిచేత చిన్నపిల్లలకు ఇసుకలో అక్షరాలు చెప్పించాడు. 1797లో లండన్‌లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకం నుంచే ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు వచ్చింది. జోసెఫ్ లాంకాస్టర్ దాదాపు అదే పద్ధతిని మరో రూపంలో నడిపాడు. 1806లో న్యూయార్కులో పేదపిల్లల కోసం పెట్టిన ఉచితపాఠశాల లాంకాస్టర్ బాటలో నడిచింది. వరసగా బల్లలు, బల్లల మీద ఇసుకతట్టలు, పెద్దపిల్లవాడు ఆజ్ఞ ఇవ్వగానే వందలమంది ఒక్కసారిగా ఒకే అక్షరం. అమెరికా ప్రజాపాఠశాలల తొలి రాతబల్లల మీద మన వీధిబడి ఇసుక ఉందన్నమాట గర్వపడదగ్గదో కాదో పాఠకులే చెప్పాలి.

ఆ తర్వాత దాదాపు నూరేళ్ళు అమెరికా ప్రాథమిక పాఠశాలలో రాత అంటే దస్తూరీ. పామర్ అనే ఆయన పేరుమీద వెలసిన దస్తూరీ పద్ధతిలో లక్షలమంది పిల్లలు సున్నాలు చుడుతూ మణికట్టు కదలకుండా మోచెయ్యి నడపడం నేర్చుకున్నారు. (అదంతా వైద్యకళాశాల దాకా ఎందుకు నిలవదో మా వృత్తివాళ్ళ చీటీలు చదివే మందుల షాపువాళ్ళను అడగాలి.) రచన అన్నది కళాశాల గుమ్మం దగ్గర మొదలయ్యేది. 1870ల మొదట్లో హార్వర్డ్ తన ప్రవేశపరీక్షలో ఇంగ్లీషు రచనను చేర్చింది. కుర్రవాళ్ళ రాతలు చూసి పెద్దలు నిర్ఘాంతపోయారు. 1890లలో ఒక సంఘం వేసి, ఆ తప్పులరాతలను యథాతథంగా నివేదికలో అచ్చువేసి మరీ ఉన్నతపాఠశాలలను నిందించారు. ఉన్నతపాఠశాలలు ప్రాథమిక పాఠశాలలను నిందించాయి. ఈ నిందల వరుసలో ఎర్రసిరా కిందికి దిగుతూ ఆరేళ్ళ పిల్లల బల్లల దాకా వచ్చింది. అంశం ఉపాధ్యాయుడిది, గడువు ఉపాధ్యాయుడిది, చదివేది ఉపాధ్యాయుడొక్కడే, అతడు చదివేదీ తప్పుల కోసమే.

ఈ ఏర్పాటును మొదట ప్రశ్నించినవాళ్ళు అడిగింది చాలా చిన్న ప్రశ్న. రాసేవాడు రాస్తున్నప్పుడు ఏం చేస్తాడు? 1971లో జానెట్ ఎమిగ్ షికాగో ప్రాంతానికి చెందిన ఎనిమిదిమంది పన్నెండో తరగతి విద్యార్థులను పిలిచి, పైకి మాట్లాడుతూ రాయమని అడిగి, టేపు మీద పట్టుకుంది. పాఠ్యపుస్తకాలు చెప్పినట్టు ముందు ప్రణాళిక, తర్వాత రచన, చివర సవరణ అన్న మెట్లు ఎవరి రాతలోనూ ఆ వరుసలో కనిపించలేదు. బడి కోసం రాసినదాన్ని ఎవరూ మనసుపెట్టి తిరగరాయనూ లేదు. తమకోసం రాసుకున్నదాని సంగతి వేరు. మరుసటి ఏడు డొనాల్డ్ మర్రే తన ప్రసంగవ్యాసంలో, బడి నేర్పవలసింది రాతను కాదు, రాయడాన్ని అన్నాడు. ఇతడు ఆచార్యుడు కాకముందు పత్రికా రచయిత. సంపాదకీయాలకు 1954లో పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు. అచ్చయిన వాక్యం వెనక ఎన్ని చిత్తుప్రతులు చెత్తబుట్టలోకి పోతాయో పత్రికా కార్యాలయంలో చూసినవాడు. బడిలో మాత్రం పిల్లవాడి మొదటి చిత్తునే తుదిప్రతిగా తీసుకుని మార్కులు వేస్తున్నారు. అది ఆయనకు అన్యాయంగా తోచింది.

ఈలోగా 1975 డిసెంబరులో ‘న్యూస్‌వీక్’ ముఖచిత్ర కథనం దేశమంతటా గగ్గోలు లేపింది: మన జానీకి రాయడం రాదు! జనం కోరిన మందు పాతదే. ఇంకా వ్యాకరణం, ఇంకా అభ్యాసపత్రాలు. మర్రే పనిచేస్తున్న న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలోనే ఉన్న గ్రేవ్స్ మరో రోగనిర్ధారణ చేశాడు. 1978లో ఫోర్డ్ ఫౌండేషన్ కోసం రాసిన నివేదికలో ఆయన అన్నది ఇంతే: పిల్లలకు రాయడం రాకపోవడానికి కారణం వాళ్ళు రాయకపోవడం. చదవడం నేర్పడానికి దేశం కుమ్మరిస్తున్న డబ్బు, సమయం ముందు రాయడానికి దక్కుతున్నది పిసరంత. రాత పేరుతో పిల్లలు చేస్తున్నది ఖాళీలు పూరించడం.

గ్రేవ్స్ కుర్రకారు పరిశోధకుడు కాడు. బడిపంతులుగా, ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి, నలభయ్యో పడిలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. 1973 నాటి ఆ సిద్ధాంతగ్రంథం ఏడేళ్ళ పిల్లలు రాసే తీరు గురించి. అందులో మైకేల్ అనే పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పట్టుకుని చేసిన పరిశీలన ఉంది. వాడు ముందు బొమ్మ వేస్తాడు, వేస్తూ తనలో తాను గొణుక్కుంటాడు, చప్పుళ్ళు చేస్తాడు, ఆ తర్వాతే పెన్సిలు అక్షరాలవైపు తిరుగుతుంది. పెద్దల కంటికి అది కాలయాపన. గ్రేవ్స్ దానికి ‘రిహార్సల్’ అని పేరు పెట్టాడు. బొమ్మ రాతకు అలంకారం కాదు, పిల్లవాడి ముందస్తు ఆలోచన అని ఆయన గుర్తించాడు. నాటకం ఆడేముందు నటుడు చేసేదాన్ని సోమరితనం అని ఎవరూ అనరు కదా.

1978 నుంచి 1980 వరకు రెండేళ్ళు న్యూ హాంప్‌షైర్‌లోని అట్కిన్సన్ అనే పల్లెలో, అట్కిన్సన్ అకాడమీ అనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో, గ్రేవ్స్, లూసీ కాల్కిన్స్, సూసన్ సోవర్స్ ముగ్గురూ మకాం వేశారు. పదహారుమంది పిల్లలను ఎంచుకుని, ఒకటి నుంచి నాలుగు తరగతుల మధ్య వాళ్ళ రాత ఎదిగే తీరును వాళ్ళు రాస్తుండగానే చూశారు. ఎక్కడ ఆగాడు, ఎక్కడ చెరిపాడు, చెరిపి ఏం పెట్టాడు, ఎవరితో మాట్లాడాడు అన్నీ రాసుకున్నారు. జాతీయ విద్యాసంస్థ ఇచ్చిన నిధులతో జరిగిన ఈ పరిశీలన ఆనాటి విద్యాపరిశోధనకు వింతగా తోచింది. అప్పటి రివాజు వందలమందికి పరీక్ష పెట్టి సగటు తీయడం. పదహారుమందితో ఏం తేలుతుంది అన్నవాళ్ళు చాలామంది. రోగుల చరిత్రలు ఒక్కొక్కటిగా రాసి రోగలక్షణాలను గుర్తించిన వృత్తి నుంచి చూస్తే నాకు ఆ అభ్యంతరం బలంగా కనిపించదు.

అక్కడి ఒకటో తరగతి ఉపాధ్యాయిని మేరీ ఎలెన్ జియకోబీ బడి తెరిచిన రోజునే పిల్లల చేతికి రాతపుస్తకాలు ఇచ్చింది. అక్షరాలన్నీ వచ్చాక అని ఆగలేదు. పిల్లలు తమకు వినిపించినట్టు రాశారు. దీని వెనక ఒక భాషాశాస్త్రవేత్త పని ఉంది. బడికి వెళ్ళకముందే తమంతట తాము రాయడం మొదలుపెట్టిన పిల్లల రాతలను చార్ల్స్ రీడ్ సేకరించి, 1971లో ప్రచురించాడు. వాళ్ళ తప్పులకు ఒక క్రమం ఉందని ఆయన చూపాడు. ‘ట్రక్’ అన్న మాటను చాలామంది పిల్లలు ‘చ’ ధ్వనిని సూచించే అక్షరాలతో మొదలుపెడతారు. ఎందుకంటే ఇంగ్లీషువాళ్ళ నోట ఆ ‘ట్ర’ నిజంగానే ‘చ్ర’కు దగ్గరగా పలుకుతుంది. మన చెవి అక్షరాలు నేర్చి ఆ ధ్వనిని వినడం మానేసింది, వాళ్ళది ఇంకా వింటోంది. హల్లుకు ముందు వచ్చే అనునాసికాన్ని, అంటే మన సున్నలాంటి దాన్ని, పిల్లలు తరచు వదిలేస్తారు. అక్కడ ముక్కుపలుకు ముందున్న అచ్చులో కలిసిపోయి విడిగా వినబడదు. ఇవి అజ్ఞానం వల్ల పుట్టే తప్పులు కావు, శ్రద్ధగా వినడం వల్ల పుట్టేవి.

గ్రేవ్స్ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనవి ఉపాధ్యాయుడూ పిల్లా రెండు మూడు నిమిషాలు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే ఘట్టాలు. ఆయన దాన్ని ‘కాన్ఫరెన్స్’ అంటాడు. మాట పెద్దది, పని చిన్నది. కాగితం పిల్ల చేతిలోనే ఉంటుంది. ఉపాధ్యాయుడు తప్పు చూపడు, విషయం అడుగుతాడు. గుర్రం కింద పడేసిందన్నావు, తర్వాత ఏమైంది? పిల్ల చెబుతుంది. కాగితం మీద లేనిదంతా నోటివెంట వస్తుంది. అది రాయవలసిందని ఆమెకే తడుతుంది. ఇక ఎక్కడ ఇరికించాలన్నది సమస్య. చిన్నపిల్లలకు రాసేసినది రాయి మీద చెక్కినట్టు. కొత్త సంగతి తోస్తే చివర అతికించడమే తెలుసు. బాణం గుర్తు వేసి మార్జినులో రాయవచ్చనీ, కాగితాన్ని కత్తిరించి మధ్యలో అంటించవచ్చనీ తెలిసిన రోజు పిల్లల రాతలో పెద్ద మలుపని గ్రేవ్స్ బృందం గమనించింది. కాల్కిన్స్ మూడో తరగతి పిల్లల్లో తిరగరాసే తీరులను నాలుగు రకాలుగా విడదీసింది. కొందరు ఒక చిత్తుకూ మరో చిత్తుకూ సంబంధం లేకుండా కొత్తగా రాసుకుపోతారు. కొందరు అక్షరాలు సాపు చేయడం దగ్గరే ఆగుతారు. కొందరు తమ చిత్తులతో తృప్తిపడక ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటారు. కొద్దిమంది మాత్రం కాగితం మీది మాటకూ తమ మనసులోని మాటకూ మధ్య తేడా కనిపెట్టి, ముందుకూ వెనక్కూ నడుస్తారు. ఎనిమిదేళ్ళ వయసులో! తెలుగు నుంచి పోలిక తెమ్మంటే నాకు గుర్తొచ్చేది ‘కన్యాశుల్కం’. 1897 నాటి నాటకాన్ని పట్టుకుని, దాన్ని దాదాపు కొత్త నాటకంగా 1909లో మళ్ళీ మన చేతిలో పెట్టిన గురజాడ చేసినదీ ఈ నాలుగో రకం పనే.

వ్యాకరణం సంగతేమిటి, విరామచిహ్నాలు ఎప్పుడు నేర్చుకుంటారు అని అడిగేవారికి కాల్కిన్స్ 1980లో ఒక జవాబు ఇచ్చింది. ఒకే బడిలో రెండు మూడో తరగతి గదులు. ఒక గదిలో విరామచిహ్నాల మీద పాఠాలు, అభ్యాసాలు, పరీక్షలు, రాయడం అరుదు. రెండో గదిలో ఆ పాఠాలు లేవు, వారానికి మూడు రోజులు గంటసేపు రాయడమే. ఏడాది చివర ప్రతి పిల్లనూ విడిగా పిలిచి ఏ చిహ్నం ఎందుకో చెప్పమన్నారు. పాఠాలు విన్న గది పిల్లలు సగటున 3.85 చిహ్నాలను వివరించగలిగారు. రాసిన గది పిల్లలు 8.66. రెండు గదులతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. అయినా ఎదుటివాడికి తన కథ అర్థం కావాలన్న అవసరం పుడితే పిల్ల చుక్కనూ కామానూ తానే అడిగి తీసుకుంటుందన్నది నమ్మదగ్గ మాటే.

ఇంతటి మంచి ఆలోచనకు ఎదురైన పెద్ద ప్రశ్న శత్రువుల నుంచి రాలేదు. 1986లో ‘హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూ’లో లిసా డెల్పిట్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని, తాను అభ్యుదయ పద్ధతుల్లో శిక్షణ పొంది ఫిలడెల్ఫియాలో పాఠం చెప్పిన అనుభవంతో, రచనా ప్రక్రియ ఉద్యమాన్ని నిలదీసింది. ధారాళంగా మాట్లాడటం, కథ చెప్పడం మా పిల్లలకు మీరు నేర్పనక్కర్లేదు, అది వాళ్ళ ఇంట్లోనే ఉంది. వాళ్ళ ఇంట్లో లేనిది అధికారం చెలాయించే భాష తాలూకు నియమావళి. మధ్యతరగతి తెల్లపిల్లలకు అది అన్నం ముద్దతో పాటు లోపలికి పోతుంది. మీరు ‘దానంతట అదే వస్తుంది’ అని ఊరుకుంటే మా పిల్లలకు తలుపు మూసినట్టే. ఇదీ ఆమె వాదసారం. రెండేళ్ళ తర్వాత మరో వ్యాసంలో దాన్ని ఇంకా పదునుగా చెప్పింది. అభ్యాసపత్రాల యుగానికి తిరిగిపొమ్మని ఆమె అనలేదు. పిల్లల మాటను గౌరవించి, నియమాలను దాపరికం లేకుండా చెప్పి, ఆ నియమాలు ఎవరి ప్రయోజనం కోసం ఉన్నాయో కూడా చెప్పమంది. గ్రేవ్స్‌ను మెచ్చుకునేవాడిగా నేను ఈ వాదాన్ని పక్కన పెట్టలేను. అట్కిన్సన్ పల్లె పిల్లలు తమ చెవిని నమ్మి రాస్తే, ఆ చెవికి వినబడే ఇంగ్లీషు పాఠ్యపుస్తకపు ఇంగ్లీషుకు చాలా దగ్గర. ఆ సౌలభ్యం అందరికీ లేదు.

రెండో ప్రమాదాన్ని గ్రేవ్స్ తానే ముందుగా పసిగట్టాడు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, సంప్రదాయంగా గడ్డకట్టడమే మనకు శత్రువని వ్యాసం రాశాడు. అప్పటికే బడి గోడల మీద పటాలు వెలిశాయి: సోమవారం ఆలోచన, మంగళవారం చిత్తు, బుధవారం సవరణ, గురువారం తప్పులు దిద్దడం, శుక్రవారం ప్రచురణ. రాసేవాళ్ళు ఈ పనులను మెట్ల వరుసలో చేయరన్నది అసలు పరిశీలన. ఆ పరిశీలన నుంచి మెట్ల వరుసే తయారైంది. పిల్లలు కూర్చుని తమ రాత చదివి వినిపించే ‘రచయిత కుర్చీ’ గురించి గ్రేవ్స్, జేన్ హాన్సెన్ 1983లో రాస్తే, అలాంటి కుర్చీలు దేశమంతటా బడుల్లోకి వచ్చాయి. కుర్చీతో పాటు వినే చెవి అన్నిచోట్లకీ రాలేదు. 2002లో అమల్లోకి వచ్చిన కేంద్రచట్టం ఏటేటా పరీక్షించమన్నది చదవడాన్నీ గణితాన్నీ; రాయడానికి గంటలు మళ్ళీ తగ్గాయి. కాల్కిన్స్ న్యూయార్కులో నాలుగు దశాబ్దాలు నడిపిన సంస్థ, చదవడం నేర్పే పద్ధతి మీద వచ్చిన విమర్శల నడుమ, 2023లో మూతబడింది. గ్రేవ్స్ అంతకు ముందే, 2010లో, కన్నుమూశాడు.

ఇక్కడొక సంగతి తెలుగు పాఠకులకు గుర్తుచేయాలి. మన గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని మనం సాహిత్యచరిత్రలో చదువుకుంటాం. అది నిప్పు అంటుకున్నది మాత్రం పాఠశాలలో, అదీ ‘కాంపోజిషన్’ అన్న మాట దగ్గర. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో ఉత్తర కోస్తా బడుల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటీ బడిలో రాసేది మరొకటీ ఎందుకు అని అడిగాడు. గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను పట్టుకుని జీవితాంతం వదల్లేదు. ఉన్నత తరగతుల విద్యార్థులు పరీక్షలో సొంతంగా వ్యాసం రాయవలసివచ్చినప్పుడు ఏ తెలుగులో రాయాలన్నదే తగాదా. 1853 నాటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ను వచనానికి ఆదర్శంగా పెట్టుకున్నవారు ఒకవైపు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిన జయంతి రామయ్య పంతులు వారికి నాయకుడు. 1914లో గురజాడ ప్రచురించిన సుప్రసిద్ధమైన అసమ్మతి పత్రం పూర్తి పేరు చూస్తే అది తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికకు అసమ్మతి. పరీక్షగదిలో కూర్చున్న ఒక కుర్రవాడి వాక్యం కోసం మన భాషలోకెల్లా పెద్ద రచయిత ఇంగ్లీషులో పుస్తకమంత వాదం రాశాడు. అప్పటికి ఓడిపోయాడు, మరుసటి ఏడు పోయాడు.

గిడుగు వాదంలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. గ్రాంథికం రాయమని పిల్లలను దండించే పండితులే గ్రాంథికంలో తప్పులు రాస్తారని ఆయన వాళ్ళ పుస్తకాల నుంచే చూపించాడు. ఆ గ్రంథానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని పేరు పెట్టాడు. వైద్యులను ఇంత చక్కగా వెక్కిరించిన శీర్షిక మరొకటి నేనెరగను. అంతకంటే గొప్ప పని ఆయన పర్లాకిమిడి కొండల్లో చేశాడు. సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించాడు, వాచకాలు రాశాడు. డెల్పిట్ అడిగిన రెండో సగం కూడా, అంటే రాజ్యం నడిచే భాష కూడా ఆ పిల్లలకు అందాలన్న మాట, ఆయనకు తెలియనిది కాదు.

ఆ పోరాటం చివరికి గెలిచింది. ఈ వ్యాసం రాస్తున్న భాషే దానికి సాక్షి. కానీ గెలిచింది ‘ఏ భాషలో’ అన్న ప్రశ్న. ‘ఎవరి మాట’ అన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. ఆవు మీద వ్యాసం గ్రాంథికం నుంచి వ్యావహారికంలోకి మారింది, ఆవు మారలేదు. నల్లబల్ల మీది వ్యాసాన్ని ఎత్తిరాసుకుని, కంఠస్థం చేసి, పరీక్షలో తిరిగి అప్పగించడం నా తరం వాళ్ళందరికీ తెలుసు. నాకు తెలిసి మాలో ఎవరూ బడిలో చిత్తుప్రతి అన్నదాన్ని చూడలేదు. సాపుప్రతి మాత్రమే చూశాం, అదీ ఇంకొకరిది.

విదేశాల్లో ఉన్న మన పిల్లల విషయంలో ఇది ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. ఇక్కడ వారానికి అయిదు రోజులు వాళ్ళు ఇంగ్లీషు బడిలో ఎంత అరకొరగానైనా గ్రేవ్స్ శతాబ్దంలో ఉంటారు. కథ తమది, చిత్తు తమది. ఆదివారం పొద్దున తెలుగు తరగతిలో క్యాంప్‌బెల్ శతాబ్దంలోకి వెళతారు. చుక్కలు కలిపి అ, ఆలు, తర్వాత గుణింతం, తర్వాత వత్తులు, చూచిరాత. వాక్యం దాకా వచ్చేలోపు సగంమంది మానేస్తారు. సెలవుదినాలు వదులుకుని ఉచితంగా నేర్పే ఆ తల్లిదండ్రుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు తమకు నేర్పినట్టే నేర్పుతున్నారు. గుణింతం అక్కర్లేదనీ నేను అనను. డెల్పిట్ వాదం ఇక్కడ రెండింతలు వర్తిస్తుంది: ఈ పిల్లల చుట్టూ తెలుగు అక్షరం కనబడే గోడ ఒక్కటీ లేదు, ఎవరో ఒకరు నేరుగా చెప్పకపోతే అది వాళ్ళకు రాదు. కానీ యాభై ఆరు అక్షరాలూ ముగిసేదాకా నీకు చెప్పుకునే హక్కు లేదనడం వేరే సంగతి.

నిరుడు ఒక ఆదివారం తరగతిలో ఏడేళ్ళ పాప పుస్తకం చూశాను. చూచిరాత పేజీకి వెనక, ఎవరూ అడగకుండా, ఒక ఫోను బొమ్మ వేసి దాని కింద రాసింది: ‘అమమ ఫోన్ చేసిది.’ మూడు మాటలు. అమ్మమ్మలో రెండు మవత్తులు లేవు, చేసిందిలో సున్న లేదు. చార్ల్స్ రీడ్ ఇంగ్లీషు పిల్లల రాతల్లో చూసిన ఆ అనునాసికమే, ద ముందు, సరిగ్గా ఆ చోటే జారిపోయింది. నేర్పే ఆవిడ శ్రద్ధగలది. రెండు మాటల చుట్టూ ఎర్రగా సున్నలు చుట్టి, కింద సరైన వాక్యం గుండ్రంగా రాసిచ్చి, మూడుసార్లు దిద్దమంది. పాప మూడుసార్లూ తప్పులేకుండా దిద్దింది. అమ్మమ్మ ఫోనులో ఏం చెప్పిందని ఎవరూ అడగలేదు.